మెసేజ్ ముందు పొడవు పంపాలా, చివర న్యూలైన్ పెడితే చాలా?

చాట్_కుర్రాడు: పైథాన్‌లో చిన్న చాట్ సర్వర్ రాశాను. క్లయింట్, సర్వర్ రెండూ నా ల్యాప్‌టాప్‌లోనే నడిపితే ఏ గొడవా లేదు, సర్వర్‌ని బయటి మెషీన్ మీద పెట్టగానే రెండు మెసేజ్‌లు అతుక్కుని వస్తున్నాయి, ఒక్కోసారి సగమే వస్తోంది. తెలుగులో టైప్ చేస్తే అప్పుడప్పుడు యూనికోడ్ డీకోడ్ ఎర్రర్. సెండ్‌కీ సెండ్‌కీ మధ్య 0.1 సెకను స్లీప్ పెడితే తగ్గింది. ఫ్రెండేమో నేగల్ (చిన్న ముక్కల్ని ఆపి, కలిపి పంపే పద్ధతి) ఆపెయ్ అంటున్నాడు. ఏది కరెక్ట్?

పాత_సాకెట్: రెండూ కాదు తమ్ముడూ. టీసీపీకి (సాకెట్ కింద డేటా మోసే ప్రోటోకాల్) మెసేజ్ అంటే ఏంటో తెలియదు, దానికి తెలిసింది బైట్ల వరస ఒక్కటే. నువ్వు మూడు సెండ్‌లు చేస్తే అవతల ఒకే రిసీవ్‌లో రావచ్చు, ఒక్క సెండే ముక్కలుగానూ రావచ్చు. నేగల్ 1984 నాటిది, చిన్న చిన్న ప్యాకెట్లు తగ్గించడానికి పెట్టారు; దాన్ని ఆపినా అవతల బఫర్‌లో (వచ్చిన బైట్లు ఆగి ఉండే చోటు) పోగైనవి కలిసే చేతికొస్తాయి. లైనక్స్ లూప్‌బ్యాక్‌లో (మెషీన్ తనతో తానే మాట్లాడుకునే దారి) ఒక్క ప్యాకెట్ 65,536 బైట్ల దాకా పోతుంది, ఈథర్నెట్‌లో మామూలుగా 1500 మాత్రమే, అందుకే ఇంట్లో బయటపడలేదు. ప్రతి మెసేజ్ ముందు 4 బైట్లలో పొడవు పంపు. అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క: 'నమస్తే'కి పైథాన్ లెన్ 6 అంటుంది (పొల్లు, గుణింతం గుర్తులు విడిగా లెక్క), యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా మార్చే పద్ధతి) అది 18 బైట్లు.

లాగ్_చూసేవాడు: చాట్‌కి అంత హంగామా ఎందుకండీ? మెసేజ్‌ని జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్) చేసి, ఇండెంట్ లేకుండా, చివర న్యూలైన్ పెడితే పోయె. లోపలి న్యూలైన్లు ఎలాగూ ఎస్కేప్ అయిపోతాయి (\n అని రెండు మామూలు అక్షరాలుగా మారతాయి). తెలుగు అక్షరం 3 బైట్లలో న్యూలైన్ బైట్ ఎప్పటికీ రాదు, కాబట్టి ముందు బైట్లని కోసి ఆ తర్వాత డీకోడ్ చేస్తే ఎర్రరే ఉండదు. పైగా నెట్‌క్యాట్‌తో (సర్వర్‌కి నేరుగా టెక్స్ట్ పంపే టూల్) చేత్తో టైప్ చేసి చూసుకోవచ్చు. మీ పద్ధతిలో ఒక్క బైట్ లెక్క తప్పిందంటే ఆ తర్వాత వచ్చేదంతా చెత్తే.

పాత_సాకెట్: రేపు ఫోటో పంపాలంటే? బేస్64 (బైట్లని మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) చేస్తే సైజు మూడోవంతు పెరుగుతుంది. వెబ్ వాడే హెచ్‌టీటీపీ 1.1 చూడండి, హెడర్లు లైన్లుగా ఉన్నా బాడీకి కంటెంట్-లెంగ్త్ (ఎన్ని బైట్లో) ఇస్తారు.

లాగ్_చూసేవాడు: అంటే సగం నా పద్ధతేగా :) ఎవడో పొడవు దగ్గర 4 జీబీ అని రాసి పంపితే మీ సర్వర్ దానికోసం కాచుక్కూర్చుంటుందా?

పాత_సాకెట్: అసలు న్యూలైనే పంపకుండా బైట్లు తోస్తూ పోతే మీ బఫర్ మాత్రం ఏమవుతుంది? లిమిట్ ఇద్దరమూ పెట్టాల్సిందే.

చాట్_కుర్రాడు: ఫోటోలు ఇప్పట్లో లేవు, న్యూలైనే పెడతాను, స్లీప్ తీసేస్తున్నా. న్యూలైన్ తర్వాత మిగిలిన సగం ముక్క ఎక్కడ దాచాలి?

పాత_సాకెట్: కనెక్షన్‌కి ఒక బఫర్ పెట్టుకో, వచ్చింది దాని చివర కలుపుతూ పో. గ్లోబల్‌గా మాత్రం పెట్టకు, ఒకడి మెసేజ్ తోక ఇంకొకడి దానికి తగులుకుంటుంది. రిసీవ్ ఖాళీగా తిరిగొస్తే అవతలివాడు మూసేశాడని, లూప్ అక్కడ ఆపకపోతే సీపీయూ 100కి పోతుంది.