‘తూగు’, ‘మొగ్గు’: రికార్డు ప్లేయర్ ఆర్మ్ దగ్గర ఏ మాట ఎక్కడ?

ప్రశ్న

పాత టర్న్‌టేబుల్ ఆర్మ్ బాగుచేసుకునే పద్ధతి తెలుగులో రాస్తున్నాను. ఉదాహరణకు తీసుకున్నది టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2, 1979లో వచ్చిన మోడల్. ఒక చోట మాట కుదరడం లేదు. వెనక బరువు తిప్పి ఆర్మ్‌ను గాలిలో తేలేట్టు నిలపడం ఒక పని. ఆ తరువాత ముల్లు మీద 1.8 గ్రాములో 2 గ్రాములో భారం పడేట్టు చేయడం ఇంకో పని. రెండింటికీ ‘తూకం పెట్టాలి’ అనే పడింది. చదివేవారు మొదటి తూకంతో ఆగిపోతే ముల్లు గాడిలో నిలవదు. మొదటిది వదిలేసి రెండోది చేస్తే డయల్ మీద అంకెకు అర్థమే ఉండదు. ‘ప్రతిభారం’, ‘అనుసరణ బలం’ లాంటివి వద్దండి, నోట్లో ఆడే మాటలు కావాలి.

జవాబు

మొదటి పనికి మాట ఉందండి: సరితూగడం. తూగు, తూచు జంటను కాగు–కాచు, దాగు–దాచు పక్కన పెట్టి చూడండి. పాలు కాగుతాయి, మనం కాస్తాం. అలాగే వస్తువు తూగుతుంది, మనం తూస్తాం. ఆర్మ్ ఎవరూ పట్టుకోకుండా దానంతట అది నిలవాలి కాబట్టి ఇక్కడ ‘తూగు’ కావాలి, ‘తూచు’ కాదు. ‘తులతూగు’ మాత్రం వద్దు, ఆ మాట ఎప్పుడో సిరిసంపదల వైపు వెళ్ళిపోయింది. తూగుకు ఊగడం అనే అర్థం కూడా ఉందిగా, తూగుటుయ్యాలలో ఉన్నట్టు. అదీ ఇక్కడ పనికొస్తుంది: సరితూగిన ఆర్మ్‌ను మెల్లగా ఊదితే అది తూగుతూ పోవాలి.

జవాబు

‘సరితూగు’ నాకూ ఇష్టమే. కానీ అంగడి మాట ఒకటి ఇంకా దగ్గరగా ఉంది. నూనె తూచే ముందు ఖాళీ గిన్నె బరువుకు సమానంగా రెండో పళ్ళెంలో రాయి వేస్తారే, దాన్ని ధడా కట్టడం అంటారు. ఆర్మ్ వెనక బరువు మొదట చేసేది అచ్చంగా ఆ పనే. ముందున్న కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే డబ్బీ), దాన్ని పట్టుకునే హెడ్‌షెల్, స్క్రూలు అన్నీ కలిపి అది గిన్నె. వాటికి ధడా కట్టాకే అసలు తూకం. కార్ట్రిడ్జ్ మార్చితే గిన్నె మారినట్టే, ధడా మళ్ళీ కట్టాలి.

ఇక రెండో పనికి ‘మొగ్గు’ అనండి. సమంగా ఉన్న త్రాసు ఒక పక్కకు వాలితే మొగ్గింది అంటాం. ఇక్కడా సమంగా తూగిన ఆర్మ్ ముల్లు వైపు ఇన్ని గ్రాములు మొగ్గాలి. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్‌కు 1.8 గ్రాముల మొగ్గు, ఆడియో-టెక్నికా విఎం95ఇకి 2 గ్రాముల మొగ్గు. వినగానే అర్థమవుతుంది. ‘ఒత్తిడి’ అంటే చదివినవాడు వేలితో నొక్కుతాడేమోనని నా భయం.

జవాబు

మాటలు బాగున్నాయి. పని క్రమం కూడా వాటితోనే చెబితే మేలు. ఆర్మ్ రికార్డు నడిమికి జారకుండా లాగే యాంటీ-స్కేటింగ్ డయల్ సున్నా దగ్గర ఉంచాలి. ఆర్మ్ కొక్కెం విప్పి, ఎత్తే లీవర్ దించి, ముల్లు దేనికీ తగలకుండా ఆర్మ్‌ను ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్ళెం) బయట పట్టుకోవాలి. వెనక బరువు తిప్పుతూ ఆర్మ్ నేలకు సమాంతరంగా సరితూగే చోట ఆపాలి. ఇప్పుడు బరువు కదలకుండా పట్టుకుని, దాని మీదున్న అంకెల ఉంగరం ఒక్కదాన్నే తిప్పి సున్నాకు తేవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ఉంగరంతో పాటు బరువు కూడా తిరిగిపోతుంది, సున్నా అబద్ధమవుతుంది. ఆ తరువాత రెండూ కలిపి, బరువు ముందుకు జరిగేట్టు తిప్పితే ఉంగరం మీద కనిపించే అంకె మొగ్గు.

ఉంగరం పాతబడి జారుతుంటే దాన్ని నమ్మకండి. 0.01 గ్రాము చూపే చిన్న తూనిక యంత్రంతో సరిచూడండి. దాని పళ్ళెం రికార్డు ఎత్తులోనే ఉండాలి, కొన్ని ఆర్మ్‌లలో ఎత్తు మారితే మొగ్గు మారుతుంది. పళ్ళెం ఇనుముది కాకూడదు. కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దాన్ని లాగి తప్పు అంకె చూపిస్తుంది.

అడిగినవారు

ఎంత తిప్పినా సరితూగని ఆర్మ్ గురించి ఏమని రాయాలి? ‘బిగుసుకుంది’ అంటే చాలా?

జవాబు

చాలదండి, అక్కడ మూడు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి తోక వాలడం. చాలా పాత ఆర్మ్‌లలో వెనక బరువు ఉండే కడ్డీకీ ఆర్మ్ గొట్టానికీ మధ్య రబ్బరు ఉంటుంది. అది మెత్తబడి బరువు కిందికి వాలుతుంది. పాత రబ్బరు గీకి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అదే మందం వచ్చేలా కొత్త రబ్బరు గొట్టం తొడగాలి.

రెండోది పట్టు, అంటే బేరింగులో ఆర్మ్ తేలిగ్గా కదలకపోవడం. దీనికి తులసిదళమంత పరీక్ష ఒకటుంది. మామూలు 80 జీఎస్ఎం కాగితం చదరపు సెంటీమీటరుకు 8 మిల్లీగ్రాములు తూగుతుంది. ఒక సెంటీమీటరు పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ముక్క కత్తిరించి, సరితూగిన ఆర్మ్ హెడ్‌షెల్ మీద పెట్టండి. ఎస్ఎల్-1200 ఎంకే2 బేరింగులకు కంపెనీ చెప్పిన రాపిడి 7 మిల్లీగ్రాములకు మించదు కాబట్టి ఆర్మ్ కొంచెమైనా వంగాలి. వంగకపోతే బేరింగులో మురికి చేరింది, లేదా ఎవరో స్క్రూ ఎక్కువ బిగించారు. పక్కకు ఊదినప్పుడు ఆర్మ్ ఎప్పుడూ ఒకే చోటికి తిరిగి వస్తుంటే అది ఆర్మ్ లోపలి సన్నని వైర్ల పని అయ్యే అవకాశం ఎక్కువ. అవి బిరుసెక్కి స్ప్రింగులా లాగుతాయి.

మూడోది ఆట, అంటే బేరింగు వదులు కావడం. గొట్టాన్ని బేరింగు దగ్గర రెండు వేళ్ళతో పట్టి ముందుకు వెనక్కు కదిపితే ‘టిక్’ అనిపిస్తుంది. బేరింగు తాళం నట్టు వదులు చేసి, మధ్య స్క్రూను ఆట పోయేంత వరకే తిప్పి ఆపాలి. ఇంకాస్త బిగిస్తే బేరింగు గుండ్లు కూర్చునే చోట గుంటలు పడతాయి, ఆ గుంటలు ఇక పోవు. తుప్పు వదిలించే స్ప్రేలు ఇక్కడ కొట్టొద్దు, ఎండి జిగురవుతాయి.

పట్టు, ఆట ఒకదానికొకటి ఎదురు. రెండింటినీ ‘బిగుసుకుంది’ కిందికి తోస్తే వదులుగా ఉన్నదాన్ని ఇంకా వదులు చేసేవారుంటారు.

జవాబు

యాంటీ-స్కేటింగ్‌కు నా ఓటు ‘ఎదురులాగు’కు. హెడ్‌షెల్ వంకరగా ఉండటం వల్ల గాడి రాపిడి ఆర్మ్‌ను రికార్డు నడిమికి గుంజుతుంది, దానికి ఎదురుగా లాగాలి. మొగ్గు ఎంతో ఎదురులాగు డయల్ కూడా అంతే పెట్టి మొదలెట్టండి. ఎదురులాగు తక్కువైతే ముల్లు గాడి లోపలి గోడకు ఒరుగుతుంది, బయటి గోడ మీద పట్టు తగ్గుతుంది. బయటి గోడ కుడి చానల్‌ది. అందుకే రికార్డు చివరి పాటల్లో కుడి స్పీకరు ముందు గరగరమంటుంది. గాళ్ళు లేని నున్నటి రికార్డు మీద ముల్లు నిలిపి ఎదురులాగు సరిచేసే పద్ధతి వద్దు, అక్కడి రాపిడి గాడిలోని రాపిడి కాదు.

అడిగినవారు

వాక్యం ఇలా మార్చాను: ‘ఎదురులాగు సున్నాకు తెచ్చి, ఆర్మ్ సరితూగే దాకా వెనక బరువు తిప్పండి. ఉంగరం సున్నా చేసి, కార్ట్రిడ్జ్‌కు చెప్పిన మొగ్గు ఇవ్వండి.’ ధడాను పక్కన వివరణలో పెట్టాను. తక్కెడ తెలియని పిల్లలకు ఆ మాట కొత్త.

జవాబు

బాగుంది. మొదట్లో ‘ముల్లుకున్న తొడుగు తీసి’ అని చేర్చండి. తొడుగు ఉండగా సరితూగించి, ఆ తరువాత తీస్తే, దాని బరువు మేరకు మొగ్గు తగ్గిపోతుంది.