షార్ట్ సేల్‌కి పెట్టాం, నాన్నకి ఎలా చెప్పాలో తెలియట్లేదు

లియాండర్_పాప_అమ్మ:
అందరికీ నమస్తే. మేము టెక్సాస్‌లో ఆస్టిన్ పక్కన లియాండర్‌లో ఉంటాం. 2022 మే లో, ఇళ్ళ రేట్లు బాగా పీక్‌లో ఉన్నప్పుడు 6,10,000 డాలర్లకి ఇల్లు కొన్నాం. డౌన్ పేమెంట్ 5 శాతమే, అందులో సగం మా నాన్న ఒంగోలు దగ్గర అరెకరం అమ్మి పంపించారు. మా ఆయన జాబ్ పోయి ఎనిమిది నెలలు, నా ఒక్క జీతంతో మార్ట్‌గేజ్ కట్టలేకపోతున్నాం, లోన్ ఇంకా 5,55,000 ఉంది, వచ్చిన ఆఫరేమో 4,70,000. తేడా వదులుకోడానికి బ్యాంకు ఒప్పుకుంటేనే అమ్మకం, షార్ట్ సేల్ అంటే అదే.

లెక్కలు అర్థమయ్యాయి, నిద్ర పట్టనిది వేరే వాటికి. ఎందుకు కట్టలేకపోతున్నామో హార్డ్‌షిప్ లెటర్ రాయమన్నారు, రెండుసార్లు రాసి చించేశా, ఎవరి గుమ్మం ముందో చెయ్యి చాచి నిలబడ్డట్టు అనిపించింది. ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్ళు షూస్‌తోనే దేవుడి గదిలోకి వెళ్ళిపోతున్నారు, వాళ్ళకది సరుకులు పెట్టుకునే ప్యాంట్రీ కదా, తప్పు వాళ్ళది కాదు, కానీ నేను చూడలేక కార్లో కూర్చుంటున్నా. గరాజ్ తలుపు పక్కన గోడ మీద పాప ఎత్తు పెన్సిల్‌తో గీసుకున్నాం, రియల్టర్ పెయింట్ వేసేయమంది. ఇంకా వెయ్యలేదు.

నాన్నకి ఏమీ తెలీదు. ఆదివారం వీడియో కాల్‌లో పెరట్లో కరివేపాకు చూపించమంటారు, ముందు వైపు బోర్డు కనపడకుండా ఫోన్ తిప్పుతున్నా. ఎవరైనా ఇది దాటొచ్చారా?

మౌంటెన్‌హౌస్_పాతకాపు:
అమ్మా, మేం 2011లో కాలిఫోర్నియా మౌంటెన్ హౌస్‌లో ఇల్లు షార్ట్ సేల్ చేశాం. 2008లోనే దేశం మొత్తం మీద అప్పు కన్నా ఇంటి విలువ తక్కువున్నవాళ్ళు ఎక్కువున్న ఊరు మాదే అని పేపర్లో పడింది. వీధిలో సగం మందిది ఇదే పరిస్థితి, అయినా తెలుగువాళ్ళం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు, చీకటి పడ్డాక ట్రక్కు తెచ్చుకుని సర్దుకుపోయాం. ఇప్పటికీ నాకు బాధ ఇల్లు పోయినందుకు కాదు, అలా దాక్కున్నందుకు.

మా అమ్మకి నేను ఏడాది చెప్పలేదు, ఏదో పెళ్ళిలో ఎవరో చెప్పారంట. ఫోన్ చేసి డబ్బు మాటే ఎత్తలేదు, ఒక్కడివే సర్దుకున్నావా నాన్నా అని ఏడ్చింది. మీ నాన్నగారికి మీ నోటితోనే చెప్పండి, మీ అమ్మగారు పక్కనున్నప్పుడు. పొలం సంగతి ముందు మీరే ఎత్తండి, ఆయన ఎత్తలేరు.

ప్లేనో_అక్క:
ఆ లెటర్‌లో బాధ రాయక్కర్లేదు చెల్లీ, వాళ్ళకి తేదీలూ అంకెలూ కావాలి, జాబ్ ఎప్పుడు పోయింది, సేవింగ్స్ ఎప్పుడు అయిపోయాయి, అంతే. జరిగింది రాస్తున్నావు, అడుక్కోవట్లేదు. ఇంకోటి, మిగతా బాకీ ఇక అడగం అని అప్రూవల్ లెటర్‌లో స్పష్టంగా ఉంటేనే సంతకం పెట్టు, టెక్సాస్‌లో అది లేకపోతే తర్వాత అడిగే వీలుంది. మాఫీ చేసినదానికి 1099-సి అని టాక్స్ ఫారం వస్తుంది, మామూలుగా దాన్ని ఆదాయం కింద లెక్కేస్తారు, ఆస్తుల కన్నా అప్పులు ఎక్కువుంటే ఫారం 982 తో మినహాయింపు అడగొచ్చు, ముందే టాక్స్‌లు చూసే సీపీఏని కలువు. బ్యాంకు ఇల్లు లాగేసుకునే ఫోర్‌క్లోజర్ దాకా వెళ్తే, మళ్ళీ ఇల్లు కొనడానికి ఫ్యానీ మే (బ్యాంకుల దగ్గర హోమ్ లోన్లు కొనే సంస్థ) రూల్స్‌తో ఇచ్చే లోన్‌కి మామూలుగా 7 ఏళ్ళు ఆగాలి, షార్ట్ సేల్‌కి 4.

గీతల మీద పొడుగు కాగితం అంటించి పెన్సిల్‌తో దించుకో, పాపనే పట్టుకోమను. తర్వాత పెయింట్ వెయ్యి.

లియాండర్_పాప_అమ్మ:
నిన్న చెప్పేశా. పొలం మాట నేనే ఎత్తాను అంకుల్. నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు, కాల్ కట్ అయిందేమో అనుకున్నా. తర్వాత, కరివేపాకు మొక్కని వదిలేసి రాకు, వేరు తెగకుండా చుట్టూ మూరెడు తవ్వి కుండీలోకి మార్చుకో, ఎండ తగ్గాక సాయంత్రం పూట తియ్యి అన్నారు. ఈ శనివారం తీస్తున్నాం.