21 కిలోమీటర్ల పరుగులో మధ్యమధ్య నడిస్తే, ఆ నడిచిన దానికి డబ్బు అడగొచ్చా?

గడియారం_సెంటర్:
డిసెంబరులో మన నల్లగొండలో జరిగే 21 కి.మీ. పరుగుకు పేరిచ్చాను. వచ్చే డబ్బుతో మర్రిగూడ వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల నడుం వంగినవాళ్లకు వాకర్లు, చక్రాల కుర్చీలు కొంటారు. కిలోమీటరుకు ఇంత అని ఆఫీసులో, చుట్టాల్లో 31 మంది మాట ఇచ్చారు. ఒకాయన 5 రూపాయలు, మా మేనమామ 100. నాకు 38 ఏళ్లు. బడిలో ఖోఖో తప్ప ఏమీ ఆడలేదు. ఆరు వారాలుగా పొద్దున 5 గంటలకు పానగల్లు చెరువు కట్ట మీద పరిగెత్తుతున్నాను. 9 కి.మీ. దాకా వచ్చాను. కాకపోతే ప్రతి 8 నిమిషాలకు ఒక నిమిషం నడుస్తాను. నిన్న కట్ట మీద ఒకతను ఆపి "నడిచినదానికి కూడా పైసలు తీసుకుంటారా మేడమ్?" అన్నాడు. రాత్రంతా అదే ఆలోచన. మీరేమంటారు?

ఏడు_పదిహేను:
తీసుకోవద్దు అక్కా. పోస్టర్ మీద పరుగు అని రాశారు, మాట ఇచ్చినవాళ్లూ పరుగుకే ఇచ్చారు. నడిచిన మీటర్లు తీసేసి అడగండి. ఫోన్లో యాప్ ఉంటుంది, లెక్క అదే చెబుతుంది.

డ్రిల్_సారు:
పీఈటీగా 29 ఏళ్లు చేసి రిటైరయ్యాను. అమ్మా, మీరు చేస్తున్నదే సరైన పద్ధతి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఊపిరి కొన్ని వారాల్లో కుదురుతుంది. ఎముకలు, కండర బంధాలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి సై అన్నా కాలు నై అంటుంది. మధ్యలో ఆ ఒక్క నిమిషం నడక కాలి కోసమే. ఆదివారం ఒక్కటే పొడవు పరుగు పెట్టుకోండి. వారంలో ఇంకో రెండు మూడు రోజులు చిన్నవి చాలు, అదీ పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో. పొడవు పరుగు 18 దాకా వస్తే చాలు, మిగతా 3 ఆ రోజు జనమే లాక్కెళ్తారు. చివరి రెండు వారాలు దూరం తగ్గించాలి.

ఏడు_పదిహేను:
సార్, నడిస్తే మంచిదా అని ఎవరడిగారు? నడకకు పైసలు తీసుకోవచ్చా అన్నది ప్రశ్న.

జొన్నరొట్టె:
ముందు రోజు రాత్రి రెండు జొన్న రొట్టెలు, పొద్దున ఉప్పేసిన మజ్జిగ. అరటిపండ్ల ప్రచారం నమ్మకండి.

కట్టమీద_రోజూ:
కట్ట చివర కుక్కలున్నాయి అక్కా. అక్కడ పరిగెత్తితే వెంటపడతాయి, నడవాల్సిందే. ఆ మీటర్లు కూడా తీసేయాలా తమ్ముడూ?

డ్రిల్_సారు:
పైసల సంగతే చెబుతా. 1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అని 21 ఏళ్ల కుర్రాడు. కేన్సర్ వల్ల కుడికాలు తీసేశారు. పెట్టుడు కాలితో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు బయల్దేరాడు, రోజుకు దాదాపు 42 కి.మీ. 143 రోజుల్లో 5,373 కి.మీ. పోయాక కేన్సర్ ఊపిరితిత్తులకు పాకింది, ఆగిపోయాడు. మనిషికి ఒక డాలరు ఇమ్మన్నాడు. 1981 ఫిబ్రవరి నాటికి 2.4 కోట్ల డాలర్లు దాటింది. సగం దారిలో ఆగాడు కదా అని ఎవరైనా కోత పెట్టారా?

ఏడు_పదిహేను:
ఆయన పెట్టుడు కాలితో ఉరికాడు సార్. రెండు కాళ్లూ ఉన్నవాళ్లు నడవడానికి ఆయన్ని అడ్డం పెట్టుకోవద్దు.

డ్రిల్_సారు:
నీకు నడక మీద అంత కోపమెందుకు నాయనా?

ఏడు_పదిహేను:
చెబుతా వినండి. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. నాది 7:19. మూడో రౌండులో మోకాలి కింద ముందు ఎముక పోటు పెడితే పది అడుగులు నడిచాను. ఆ పదడుగులూ లెక్కలో వేసుకో బిడ్డా అని ఎవరూ అనలేదు. మా నాయన ఆరు వేలు అప్పు చేసి కోచింగ్‌కు పంపాడు. అక్కడి సారు రోజూ సీసీ రోడ్డు మీద ఫుల్ స్పీడులో ఉరికించాడు. నొప్పంటే "ఆడపిల్లవా" అన్నాడు.

డ్రిల్_సారు:
అందుకే ఎముకకు దెబ్బ తగిలింది. రోజూ ఫుల్ స్పీడు ఏ కాలూ తట్టుకోదు. వారానికి ఒక్కరోజు వేగం, మిగతాదంతా నెమ్మది అని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే...

ఏడు_పదిహేను:
చెప్పలేదు కదా! ఇప్పుడు చెప్పి పుండు మీద కారం చల్లకండి.

గడియారం_సెంటర్:
ఇద్దరూ ఆగండి. ఇది నా ప్రశ్న.

మర్రిగూడ_మండలం:
పొద్దున్నుంచి చదువుతున్నా. మా నాయనకు 61. నడుం ఎంత వంగిందంటే ఎదురుగా ఎవరొచ్చారో చెప్పులు చూసి గుర్తుపడతాడు. నేను కొత్త చెప్పులు కొంటే మొదటి రోజు "ఎవరు బిడ్డా?" అని అడిగాడు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సంతోషమే. వంగిన ఎముక మాత్రం తిరిగి లేవదు. నాదొకటే ప్రశ్న. అక్క 14 దగ్గర ఆగిపోతే మిగతా 7 కిలోమీటర్ల కోత ఎవరికి? ఆమెకా, మా నాయనకా? సారు చెప్పిన ఆ టెర్రీ ఫాక్స్ మనిషికి ఒక డాలరు అడిగాడు, కిలోమీటరుకు కాదు. అది మీరెవరూ పట్టించుకోలేదు.

గడియారం_సెంటర్:
ఊరికే అడిగితే ఇవ్వరు తమ్ముడూ. నిరుడు ఇదే పనికి ఇదే ఆఫీసులో ఊరికే అడిగాను. నలుగురు ఇచ్చారు. పరిగెత్తుతానంటే 31 మంది.

మర్రిగూడ_మండలం:
అంటే మా నాయన నడుం చూసి ఇవ్వరు, మీ చెమట చూసి ఇస్తారు. మిమ్మల్ని అనడం లేదు అక్కా. మీరు పొద్దున అయిదింటికి లేస్తున్నారు, దండం పెడతా. కానీ మీ మోకాలు బాగుండాలని మేము మొక్కుకోవాలా?

జొన్నరొట్టె:
ఈ మాటకు రొట్టె దగ్గర జవాబు లేదు.

డ్రిల్_సారు:
నిజమే. నేను కాలి గురించే మాట్లాడుతున్నా, ఇన్నాళ్ల అలవాటు. కిలోమీటరు లెక్క పెడితే జనం వెంటపడి చూస్తారని పెట్టి ఉంటారు. ఆలోచించాల్సిందే.

ఏడు_పదిహేను:
మా నాయన ఆరు వేలు కూడా నా కాళ్లను నమ్మే ఇచ్చాడు.

గడియారం_సెంటర్ (అయిదు రోజుల తర్వాత):
అందరికీ మెసేజ్ పెట్టాను: "పరుగు పూర్తయినా కాకపోయినా 21 కి.మీ. లెక్కన ఇప్పుడే పంపండి." 12 మంది పంపారు. ముగ్గురు చదివి ఊరుకున్నారు. మా మేనమామ ఫోన్ చేసి "ముందు ఉరికి చూపించు బిడ్డా, 2,100 ఎక్కడికి పోతాయి" అన్నాడు. నిన్న 11 కి.మీ. చేశాను, కుక్కల దగ్గర కలుపుకొని తొమ్మిదిసార్లు నడిచాను.

ఏడు_పదిహేను:
నా పేరు కూడా రాసుకోండి. కిలోమీటరుకు 50 చొప్పున 1,050, ఇప్పుడే పంపుతున్నా. అక్క మొదటి మలుపులోనే ఆగినా వెనక్కి అడగను. కానీ నడిచినదాన్ని పరుగు అని మాత్రం నాతో అనిపించలేరు. ఆదివారం కట్ట మీదికి నేనూ వస్తున్నా, రెండేళ్లయింది షూ వేసి. మీరు నడిచేటప్పుడు నేను ముందుకు పోతా, ఏమనుకోవద్దు.

డ్రిల్_సారు:
మొదటి రోజు 3 కి.మీ. దాటకు. విను.

మర్రిగూడ_మండలం:
మేనమామ తర్వాత ఏమన్నాడు అక్కా? మళ్లీ అడిగారా?