అప్‌డేట్: పక్షుల ఫొటోలకు లెన్స్ తీసుకున్నాను

నా నికాన్ డి5600 కెమెరాకి 50 వేలలోపు టెలిఫొటో లెన్స్ (దూరపువాటిని దగ్గరగా చూపేది) ఏది మంచిదని ఇక్కడ అడిగాను కదా, చివరికి సెకండ్ హ్యాండ్ సిగ్మా 150-600 ఎంఎం కాంటెంపరరీ తీసుకున్నాను. నికాన్ 200-500 మీద మనసు ఉన్నా అది 2.3 కిలోలు, ఇది రెండు కిలోల లోపే. చేత్తో పట్టుకుని తిరిగేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

కొనేముందు మీరు చెప్పినట్టే వెనక నుంచి టార్చ్ వేసి అద్దాలన్నీ చూశాను. విజయవాడ ఉక్కపోతకు లోపలి అద్దాలకు ఫంగస్ (బూజు) పట్టడం ఎంతసేపు! సాలెగూడు లాంటి సన్నటి పోగులేమీ కనపడలేదు. ఇప్పుడు లెన్స్‌ని సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో పెడుతున్నాను.

మొదట గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి వెళ్లాను. చెరువులో చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, పెలికాన్లు. ఇదివరకటి 70-300 లెన్స్‌తో చుక్కల్లా వచ్చేవి, ఇప్పుడు పెలికాన్ ముక్కు పైదవడ మీది మచ్చలు కూడా స్పష్టంగా వచ్చాయి, ఎంత సంతోషమేసిందో! జూమ్ 600 దగ్గర ఉన్నప్పుడు ఎఫ్/8 పెడితే (వెలుతురు వచ్చే రంధ్రం కాస్త చిన్నది చేస్తే) ఇంకా బాగుంది. ఎగిరే పక్షికి షటర్ 1/2000 సెకను పెట్టి, ఐఎస్‌ఓ (పెరిగేకొద్దీ ఫొటోలో గరుకు తెచ్చే సెట్టింగ్) ఎంత పెరిగినా పట్టించుకోలేదు. ఎండెక్కాక మాత్రం నీటి మీద వేడిగాలికి దూరపు ఫొటోలన్నీ మసకే. ఉదయమే వెళ్లండి.

టెలికన్వర్టర్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టి ఇంకా దగ్గరగా చూపేది) వేయమన్నవారికి: 1.4ఎక్స్ వేస్తే 600 దగ్గర ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అవుతుంది, అంటే లోపలికి వచ్చే వెలుతురు తగ్గి ఈ కెమెరాలో ఆటోఫోకస్‌ని నమ్ముకోలేం. అందుకే కొనలేదు.