హైదరాబాద్‌లో మంచి ఐపీఏ ఎక్కడ దొరుకుతుంది?

వచ్చే నెల మా బావగారు అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి వస్తున్నారు. పదిహేనేళ్లుగా అక్కడే ఉండి ఐపీఏ (హాప్స్ పూలు దండిగా వేసి చేసే చేదు బీర్) రుచి మరిగిన మనిషి. మన దగ్గరా మంచి క్రాఫ్ట్ బీర్ ఉందని ఆయనకు చూపించాలని నాకు చాలా కోరిక.

నేను తిరిగిన మైక్రోబ్రూవరీల్లో (సొంతంగా బీర్ తయారుచేసి అక్కడే పోసే చోట్లు) గోధుమ బీర్లే బాగున్నాయి. హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీర్‌లో అరటిపండు, లవంగం వాసన ఈస్ట్ నుంచే వస్తుంది కాబట్టి ఇక్కడ తేలిగ్గా కుదురుతుందేమో. ఐపీఏకి మాత్రం హాప్స్ తాజాగా ఉండాలి. పాతబడితే ఘుమఘుమ పోయి చేదే మిగులుతుంది. కిందటి వారం ఒకచోట ఇచ్చిన ఐపీఏ కరిగిన వెన్న వాసన కొట్టింది. ట్యాంకులో ఉంచాల్సినన్ని రోజులు ఉంచకుండానే పోసేసినట్టున్నారు. సగం గ్లాసు వదిలేశాను, మనసు చివుక్కుమంది.

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఈమధ్య మంచి ఐపీఏ తాగినవాళ్లుంటే దయచేసి చెప్పండి. కొత్త బ్యాచ్ ఏ రోజు పోయడం మొదలుపెడతారో తెలిస్తే ఇంకా మంచిది. మామిడితోనో జొన్నలతోనో ఎవరైనా ప్రత్యేకంగా చేస్తున్నారా? అదీ చెప్పండి. ఆయనకు పోర్ట్‌లాండ్‌లో దొరకనిది ఒక్కటైనా రుచి చూపించాలి.