అత్తమ్మ మీద అరిచి తర్వాత ఏడుస్తున్నా, ధ్యానానికి టైమెక్కడిది?

మిర్యాలగూడ కోడలు:
మా అత్తమ్మకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చి మూడేళ్లు. పొద్దుగూకితే చాలు, సొంతింట్లోనే ఉండి "మా ఇంటికి పోతా" అని మూట కట్టుకుని గేటు దగ్గరికి పోతుంది. ఇదే మన ఇల్లని ఇరవై సార్లు చెప్పి, ఇరవై ఒకటోసారి అరుస్తాను, ఇక రాత్రంతా నిద్ర పట్టదు. అందరూ ధ్యానం చెయ్యమంటారు. ఎప్పుడు కూర్చోవాలి?

పాలమూరు తమ్ముడు:
అక్కా, మా నాయనతో నాదీ ఇదే కథ. వాదించకండి, ఆమె అడిగేది బహుశా పుట్టిల్లు. "ఆ ఇంటి ముందు ఏం చెట్టుండేది?" అని అడగండి. సాయంత్రం గాబరా ఈ జబ్బులో మామూలే, చీకటి పడకముందే లైట్లు వేయండి. ధ్యానమంటే గంట కూర్చోవడమే కాదు, గదిలోకి పోయేముందు గడప దగ్గర ఆగి, కాళ్ల కింద షాబాద్ బండ చల్లదనం గమనిస్తూ, పీల్చినదానికన్నా నెమ్మదిగా ఊపిరి వదలండి, ఐదుసార్లు. కోపం పోదు గానీ నోరు జారేలోపు ఒక్క క్షణం దొరుకుతుంది.

నల్లగొండ నుంచి:
ఊపిరి సరే, ఆడబిడ్డలేరి? ఆదివారం మధ్యాహ్నమన్నా ఒకరొచ్చి కూర్చోవాలి. మరీ టెన్షనైతే మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, 24 గంటలూ ఉంటుంది. గందరగోళం ఒక్కసారిగా పెరిగితే మాత్రం మూత్రంలో ఇన్ఫెక్షనేమో డాక్టరుకు చూపించండి.

మిర్యాలగూడ కోడలు:
చెట్టు గురించి అడిగాను, చింతచెట్టంది. అరగంట చింతచిగురు ముచ్చటే. ఆడబిడ్డకు ఫోన్ చేయాలంటే మాత్రం ఇంకా భయమే.