పిల్లల బరువు ప్రోగ్రెస్ కార్డులో రాయాలా, వద్దా? శనివారం లోపు మీ మాట చెప్పండి

దర్గామిట్ట అమ్మ
అందరికీ నమస్తే. మాది నెల్లూరు. మా బాబు ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతి చదువుతున్నాడు. నిన్న డైరీలో నోటీసు అంటించి పంపారు. ఈ టర్మ్ నుంచి పిల్లలందరికీ క్లాసులోనే బరువు చూసి, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) లెక్కగట్టి, ప్రోగ్రెస్ కార్డులో మార్కుల కింద రాస్తారట. బరువు ఎక్కువున్న వాళ్లని గేమ్స్ పీరియడ్‌లో విడిగా ఒక బ్యాచ్ చేసి పరుగెత్తిస్తారు. వాళ్ల క్యారేజీలు మధ్యాహ్నం టీచర్ తెరిచి చూస్తుంది. శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో ఒప్పుకుంటామో లేదో చెప్పాలి.

మా వాడికి పదేళ్లు, 49 కిలోలు. ఏడాదిగా వాడి మెడ వెనక నల్లగా ఉంటే మురికి అనుకున్నాను. ఆదివారం ఆదివారం సున్నిపిండి పెట్టి రుద్దేదాన్ని. చర్మం ఎర్రబడేది, వాడు ఏడ్చేవాడు, నలుపు మాత్రం పోయేది కాదు. మొన్న జ్వరానికి తీసుకెళ్తే డాక్టరమ్మ కాలరు పక్కకి లాగి చూసి, "ఇది మురికి కాదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే ఇలా వస్తుంది, రక్తపరీక్ష చేయిద్దాం" అంది. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

అందుకే స్కూలు వాళ్లు ఏదో ఒకటి చేస్తామంటే ముందు సంతోషించాను. ఇంట్లో నా మాట సాగడం లేదు. కానీ వాడు నోటీసు చదివి, "అమ్మా, బరువు చూసే రోజు నేను సెలవు పెడతా" అన్నాడు. ఏం చేయమంటారు?

పెన్నా ఒడ్డు
ఒప్పుకోండి. మార్కులు తగ్గితే ఎర్ర ఇంకుతో రాస్తారు, హాజరు తగ్గితే ఫోన్ చేస్తారు. ఒంటి సంగతి మాత్రం ఎందుకు దాచాలి? మన దగ్గర పిల్లాడు బొద్దుగా ఉంటే దిష్టి తీస్తాం గానీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లం. తప్పుగా అనుకోకండి, మీరే ఏడాది పాటు మెడ రుద్దానని రాశారు. స్కూలు ఆ ముక్క కార్డులో రాసి ఉంటే ఏడాది ముందే తెలిసేది కదా?

స్కూళ్లు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. 2025లో సీబీఎస్ఈ తన స్కూళ్లన్నిటికీ షుగర్ బోర్డులు పెట్టమంది. కూల్ డ్రింకుల్లో, చిరుతిళ్లలో ఎంత చక్కెర ఉందో గోడ మీద చూపించే బోర్డులవి. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలకు రోజూ అందే కేలరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తోందని, అది 5 శాతం దాటకూడదని ఆ సర్క్యులర్‌లోనే ఉంది. ఇలాంటప్పుడు ఒక స్కూలు ముందుకొస్తే మనమే వెనక్కి లాగడం న్యాయమా?

ఒంగోలు డ్రిల్లు మాస్టారు
22 ఏళ్లుగా పీఈటీగా చేస్తున్నాను. బరువు చూడటం మీద నాకు పట్టింపు లేదు. విడి బ్యాచ్ మాత్రం వద్దే వద్దు.

మా పాత స్కూల్లో ఒక ఏడాది ఇదే పని నా చేత చేయించారు. తొమ్మిది మంది పిల్లలు. మిగతా వాళ్లు ఖోఖో ఆడుతుంటే వీళ్లు గోడ వెంట రౌండ్లు కొట్టాలి. మొదటి వారం పరుగెత్తారు. రెండో వారం నుంచి ఒకడికి బూటు లేసు ఊడుతుంది, ఇంకొకడికి కడుపునొప్పి. నాలుగో వారానికి నలుగురు ఇంటి నుంచి లెటర్లు తెచ్చారు. వాళ్లలో ఒక అబ్బాయిని తాడులాట జట్టులో చివర నిలబెట్టాను. తాడు నడుముకి చుట్టుకుని మడమలు నేలలో పాతేస్తే అవతల ఎనిమిది మందీ కదిలించలేకపోయారు. ఆ రోజు నుంచి వాడు గ్రౌండ్‌కి నాకంటే ముందే వచ్చేవాడు. షాట్‌పుట్, కబడ్డీ, తాడులాట... బరువైన పిల్లాడు గెలిచే ఆటలు మనకి లేకపోలేదు. గెలిచిన పిల్లాడు రేపూ వస్తాడు.

ఇంకో మాట. ఐదేళ్ల నుంచి 17 ఏళ్ల దాకా పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన స్కూళ్లలో వారానికి రెండు పీరియడ్లు, అందులో ఒకటి లెక్కల సార్ అడిగి తీసుకుంటాడు. విద్యాహక్కు చట్టంలో ఆటస్థలం తప్పనిసరి అని ఉంది. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో నడిచే స్కూళ్లకి గ్రౌండ్ ఎక్కడుంది? శనివారం మీటింగ్‌లో ముందు ఆ ప్రశ్న అడగండమ్మా.

కావలి 34
పేరులో ఉన్నది నా వయసు. ఆరో తరగతిలో మా క్లాసులో బరువులు చూసి పైకి చదివారు. నా నంబరు చదవగానే వెనక బెంచీ నుంచి "బస్తా" అన్నారు. పదో తరగతి అయ్యేదాకా అదే నా పేరు. మా సార్లు కూడా అలాగే పిలిచారు, ముద్దుగానే అనుకున్నారేమో.

బరువు తగ్గలేదు. ఇంటి బయట తినడం మొదలుపెట్టాను. బస్టాండు దగ్గర రెండు పునుగుల ప్లేట్లు తిని, మూతి కడుక్కుని, ఇంటికెళ్లి అమ్మ ముందు రెండు చపాతీలే తినేవాణ్ని. ఇంత తక్కువ తిని ఎందుకు తగ్గడం లేదని అమ్మ బెంగ పెట్టుకునేది. మీ బాబు సెలవు పెడతాననడం నాకు బాగా తెలిసిన మాట. దయచేసి వినండి.

పెన్నా ఒడ్డు
తమ్ముడూ, మీకు జరిగింది తప్పు. కానీ పైకి చదివిన టీచరుది తప్పు, బరువు మిషనుది కాదు. పిల్లాడు బాధపడతాడని కళ్లు మూసుకుంటే రేపు పదిహేనేళ్లకే షుగరు వస్తే అప్పుడు బాధపడడా? మా అన్న కొడుక్కి డిగ్రీలో ఉండగానే వచ్చింది. అందుకే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

పోషకాహారం పాప
నేను న్యూట్రిషనిస్ట్‌ని, పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తాను. ఇద్దరి భయమూ నిజమే. అయితే ఈ పద్ధతులు వేరే చోట్ల చేసి చూశారు, ఆ ఫలితాలు తెలుసుకోవాలి.

సింగపూర్‌లో 1992లో ‘ట్రిమ్ అండ్ ఫిట్’ అని సరిగ్గా ఇలాగే లావుగా ఉన్న పిల్లల్ని విడదీసి వ్యాయామం చేయించారు. లావు పిల్లల శాతం తగ్గిన మాట నిజం. కానీ ఆ పథకం పేరులోని మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు (TAF) వెనక్కి చదివితే ‘ఫ్యాట్’ అని వస్తుంది. పిల్లలు దాన్ని పట్టుకుని ఏడిపించారు. చివరికి 2007లో ఆపేసి, పిల్లలందరికీ వర్తించే ఆరోగ్య కార్యక్రమం పెట్టారు. కాలిఫోర్నియాలో 2014 నుంచి 2017 దాకా 79 స్కూళ్లలో బరువు చూసి ఇళ్లకి రిపోర్టులు పంపి పరిశీలించారు. రిపోర్టు అందినంత మాత్రాన బరువు తగ్గలేదు. పైగా స్కూల్లో బరువు చూసిన పిల్లల్లో తమ ఒంటి మీద తమకే అయిష్టం పెరిగింది. కాగితం ఇంటికి వస్తుంది, ఆ తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పరు, చిక్కంతా అక్కడే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2023లో ఏం చెప్పిందంటే, మూడు నెలల నుంచి ఏడాది లోపు కనీసం 26 గంటలు కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి నేర్పాలని. పిల్లాణ్ని ఒక్కణ్నే కాదు, కుటుంబాన్ని.

దర్గామిట్ట అమ్మగారూ, పదేళ్ల పిల్లాడు పెరుగుతున్నాడు. చాలామందికి కిలోలు తగ్గించనక్కర్లేదు. బరువు అక్కడే ఆగి ఎత్తు పెరిగితే చాలు. మీ వాడి సంగతి రక్తపరీక్ష చూశాక డాక్టరు చెప్పాలి. ఈలోపు ఇంట్లో ఎవరూ ‘డైటింగ్’ అనే మాట ఎత్తకండి. ఆదివారం చేపల పులుసు మానక్కర్లేదు. నేను చూసే పిల్లల్లో ఎక్కువ మందిని పాడుచేస్తున్నది భోజనం కాదు. ట్యూషన్ నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చి తినే నూడుల్స్, ఫ్రిజ్‌లో పెద్ద సీసా కూల్ డ్రింక్, పదకొండు దాకా ఫోన్. 250 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 27 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. ఆ వయసుకి తొమ్మిది గంటలైనా నిద్ర కావాలి. సీసా కొనడం మానేస్తే అందరికీ మానాలి, నాన్నకి కూడా.

జేజి
మనవడి ఫోన్‌లో చెప్పి రాయిస్తున్నా. పిల్లోడి కంచం ముందు టీచరు నిలబడి చూడటమేందమ్మా? ఎంగిలి కంచం దగ్గర ఎవురూ ఎవుర్నీ చూడగూడదని మా అత్త చెప్పేది. నేను గూడా ఇంకో ముద్ద ఇంకో ముద్ద అని మా మనవడికి పెట్టినదాన్నే. కరువు చూసినోళ్లం, కడుపు నిండా పెట్టడమే ప్రేమనుకున్నాం. డాక్టరు చెప్పినాక ఇప్పుడు ముద్దకి బదులు కత పెడతన్నా. పిల్లోడు కతకి గూడా ఊఁ కొడతాడు.

పొదిలి పంతులమ్మ
మా ప్రభుత్వ బడిలో నా బాధ వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో సుమారు 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. మా పిల్లలకి గుడ్డు, చిక్కీ, రాగిజావ ఎంత అవసరమో నేను రోజూ చూస్తాను. కాబట్టి బరువు చూడటం ఆపమని నేననను. బక్కగా ఉన్న పిల్లాడూ అందులోనే దొరుకుతాడు. అందరికీ చూడండి, విడివిడిగా చూడండి, పైకి చదవకండి.

ఇంకొకటి. స్కూలు లోపల, గేటు నుంచి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిళ్లు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. పిల్లాడి క్యారేజీ తెరిచే ముందు స్కూలు తన క్యాంటీన్ తలుపు తెరిచి చూసుకోవాలి. మీ స్కూల్లో ఏం అమ్ముతున్నారమ్మా?

దర్గామిట్ట అమ్మ
పంతులమ్మగారూ, మా స్కూల్లో పది రూపాయల ప్యాకెట్లు, రంగు జ్యూసులు, క్రీము బిస్కెట్లు అమ్ముతారు. నిన్న మీటింగ్‌లో మొదటి ప్రశ్న అదే అడిగాను. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నా వెనక నుంచి ఇంకో ఇద్దరు లేచారు.

విడి బ్యాచ్ తీసేశారు. మాస్టారూ, మీ తాడులాట సంగతి చెబితే వాళ్ల పీఈటీయే ముందు తలూపాడు. బరువు ఆఫీసు రూములో ఒక్కొక్కరికీ కర్టెన్ వెనక చూసి, కవరులో పెట్టి తల్లిదండ్రులకే ఇస్తారు. కార్డులో రాయరు. క్యారేజీ చూడటం మాత్రం మానలేదు, చాలామంది తల్లులే అది కావాలన్నారు. క్యాంటీన్ గురించి మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి చెబుతామన్నారు. అది నేను వదలను.

పెన్నా ఒడ్డు అన్నా, మీ మాటకి మొదట కోపం వచ్చింది. కానీ ఏడాది పోయిన మాట నిజమే. రక్తపరీక్ష రిపోర్టు మంగళవారం వస్తుంది.

సాయంత్రం వాణ్ని తీసుకుని స్వర్ణాల చెరువు కట్ట మీద నడిచాను. వాళ్ల నాన్న కూడా వచ్చాడు, ఫోన్ ఇంట్లో పెట్టి. తిరిగి వచ్చేటప్పుడు వాడు అడిగాడు, "అమ్మా, ఆ కర్టెన్ కింద దాకా ఉంటుందా, కాళ్లు కనపడతాయా?" అని. సోమవారం వెళ్లి చూసొస్తానని చెప్పాను.